ఎనిమిదో ప్రిపరేషన్

జనవరి 13, సోమవారం

ఈరోజు కెమిస్ట్రీ ల్యాబ్‌లో వరద. నా వల్ల కాదు! ఈ మాట పెద్ద అక్షరాలతో రాసుకోవాలి, ఎందుకంటే మళ్ళీ రాసుకునే అవకాశం వస్తుందో రాదో.

నా పక్క బల్ల దగ్గర పనిచేసే కుర్రాడు ట్యార్క్, ఆవిరిని చల్లార్చే కండెన్సర్‌కి నీళ్ళ గొట్టం తగిలించి, తీగతో బిగించకుండా భోజనానికి వెళ్ళిపోయాడు. గొట్టం ఊడి, గాల్లో ఎగిరెగిరి కొట్టుకుంటూ, అటు ఇటు ఉన్న బల్లలన్నిటికీ స్నానం చేయించింది. పరుగెత్తుకెళ్ళి కుళాయి కట్టేసింది నేనే. ట్యార్క్ చేతిలో సగం తిన్న ఆపిల్‌తో తిరిగొచ్చేసరికి గుమ్మంలో బేర్మన్ మేడమ్ నిలబడి ఉంది. మా ల్యాబ్‌లో ఆవిడ మాటకు తిరుగులేదు.

"గొట్టానికి తీగేదయ్యా?"

"మర్చిపోయా మేడమ్."

"ఏం కేకు?"

అంతే. తిట్లు లేవు, గొడవ లేదు. ఇక్కడ పద్ధతి అదే. నీళ్ళు గానీ నిప్పు గానీ అలారం గానీ, ఏది తెచ్చిపెట్టినా శుక్రవారానికల్లా గదిలో అందరికీ కేకు పెట్టాలి. కొట్లో కొన్నది చెల్లదు, స్వయంగా కాల్చిందే కావాలి.

"గసగసాల కేకు," అన్నాడు ట్యార్క్, మోకాళ్ళ మీద నేల తుడుస్తూ. గడ్డంలోంచి నీళ్ళు కారుతున్నాయి. గడ్డం ఈ చలికాలమే పెంచాడు. బాగోలేదు. అంటే, బాగుందో లేదో నేను పట్టించుకోలేదు.

జనవరి 17, శుక్రవారం

గసగసాల కేకు. మూడు ముక్కలు తిన్నాను, నాలుగోది కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకున్నాను. గసగసాల మీద ఇష్టంతోనే. మనిషి మీద కాదు.

జనవరి 21, మంగళవారం

ఎనిమిదో ప్రిపరేషన్‌కి మౌఖిక పరీక్ష. ప్రిపరేషన్ అంటే ఒక పదార్థం తయారుచేసి అప్పగించడం; అది మొదలుపెట్టాలంటే ముందు మేడమ్ ఎదురుగా కూర్చుని ఆవిడ అడిగినవన్నీ చెప్పాలి, లేకపోతే సీసా మూత కూడా తీయనివ్వరు. ఒకే ప్రిపరేషన్ ఇద్దరిద్దరికి ఇస్తారు. నాకూ ట్యార్క్‌కీ పడింది డైబెంజాల్ అసిటోన్. పేరు విని భయపడక్కర్లేదు, చివరికి పసుపుపచ్చని స్ఫటికాలు రావాలి, అవి నూట పది, నూట పదకొండు డిగ్రీల దగ్గర కరగాలి. అంతే.

"ఫ్రౌకే, పదార్థం స్ఫటికం కట్టకుండా నూనెలా కూర్చుంటే ఏం చేస్తావ్?" అని మేడమ్ ముందు నన్ను అడిగింది.

"గాజు కడ్డీతో ఫ్లాస్క్ గోడ గీకుతాను. ఐసులో పెడతాను."

"అయినా రాకపోతే?"

"అదే పదార్థం గింజ ఒకటి వేస్తాను. ఆ గింజను చూసి మిగతావి కూర్చోవడం నేర్చుకుంటాయి."

"గింజ ఎక్కణ్ణించి తెస్తావ్?"

"పక్కవాళ్ళని అడుక్కుంటాను."

"నమూనాల బీరువాలోంచి మాత్రం తీయకూడదు. తీస్తే దొంగతనం కింద లెక్క. ట్యార్క్, పూర్వం ప్రొఫెసర్లు ఏం చేసేవాళ్ళో తెలుసా?"

"గడ్డం దులిపేవాళ్ళట మేడమ్. ఏళ్ళ తరబడి ల్యాబ్‌లో తిరిగిన గడ్డంలో అన్ని రకాల గింజలూ ఇరుక్కుని ఉంటాయని."

"నువ్వు పెంచుతున్నది అందుకేనా?"

"లేదు మేడమ్. బ్లేడు పోయింది."

నేను పగలబడి నవ్వాను. అవసరమైనదానికన్నా ఎక్కువ నవ్వానేమో, మేడమ్ పెన్ను కింద పెట్టి నా వంక చూసింది. ఇద్దరం పాసు.

ఎనిమిదీ అప్పగిస్తేనే ప్రాక్టికల్స్ పూర్తయినట్టు. ఏడు అప్పగించినా సున్నా అప్పగించినా ఒకటే, వచ్చే చలికాలం మళ్ళీ మొదటినుంచి చేయాలి. మావాళ్ళంతా పై మెట్టు ఎక్కుతారు, నేను కొత్తపిల్లలతో కలిసి బీకర్లు కడుగుతూ ఉంటాను. ఆఖరి రోజు ఫిబ్రవరి ఏడు, సాయంత్రం నాలుగు.

జనవరి 28

ఇంకా మిగిలి ఉన్న ఏడోది పాసు! ద్రవాల పొరలు వేరుచేసే గరాటులో పై పొర పారబోయబోయాను. "ఆగు మహాతల్లీ!" అని ట్యార్క్ చెయ్యి పట్టుకున్నాడు. నాకు కావలసింది ఆ పై పొరే. పని పూర్తయ్యేదాకా వాడు ఏ పొరనూ పారబోయడు. అందుకే వాడి బల్ల మీద ఎప్పుడు చూసినా బీకర్ల సంతే.

చెయ్యి పట్టుకున్నది గరాటు కోసం.

జనవరి 31, శుక్రవారం

వచ్చేశాయి! కలుపుతుండగానే ఫ్లాస్క్ అంతా పసుపుపచ్చగా చిక్కబడింది. వడగట్టి, కడిగి, వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లారబెడితే అడుగున మెరిసే పలుకులు. ట్యార్క్‌కీ వచ్చాయి, కానీ నావే ఎక్కువ పసుపు. "నీవి ఎక్కువ పసుపు కాదు, నీకు దీపం దగ్గరుంది," అన్నాడు. కుళ్ళు.

ఆరబెట్టడానికి ఇద్దరివీ ఒకే డెసికేటర్‌లో పెట్టాం. బరువైన గాజు కుండ అది, మూత పెట్టి లోపలి గాలి లాగేస్తే తడి ఆరిపోతుంది. రెండు గాజు పళ్ళేలు పక్కపక్కనే. సోమవారం తీయాలి.

ట్రామ్‌లో పక్కన కూర్చున్న ముసలాయన నా వైపు తిరిగి, "పిండివంటలేమైనా చేస్తున్నావా తల్లీ, బాదం వాసనొస్తోంది," అన్నాడు. మా ప్రిపరేషన్ వాసన అది, జుట్టుకు పట్టేసింది. అవునన్నాను. దిగేదాకా ఆయన ముక్కు ఎగబీలుస్తూనే ఉన్నాడు.

ఫిబ్రవరి 3, సోమవారం

డెసికేటర్ కుళాయి బిగుసుకుపోయింది. తప్పు కుళాయిది. ఇంకేమీ రాయను.

ఫిబ్రవరి 4, మంగళవారం పొద్దున్న

రాస్తాను. రాయకపోతే రోజంతా ఎవరో ఒకరి చెవి తినాల్సి వస్తుంది.

డెసికేటర్‌లోకి గాలి తిరిగి వదిలేటప్పుడు కుళాయిని వెంట్రుకవాసి చొప్పున తిప్పాలి. గాలి వచ్చే దారికి కాగితం ముక్క అడ్డుపెట్టాలి. మొదటి వారమే నేర్పే పాఠం ఇది, నాకు బాగా తెలుసు. కానీ నిన్న కుళాయి బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే ట్యార్క్ పక్కకొచ్చి, "మధ్యాహ్నం రేవు దగ్గర చేప రొట్టె తిందాం, వస్తావా? ఉల్లిపాయలెక్కువేసేవాడి దగ్గర," అన్నాడు.

నేను కుళాయినే చూస్తున్నాను. ట్యార్క్ వైపు చూడలేదు.

"వస్తా," అంటూ కుళాయి తిప్పాను. మొత్తం తిప్పాను.

బుస్స్ మంది. రెండు పళ్ళేల్లోని స్ఫటికాలూ ఒక్కసారిగా లేచి, కుండంతా పసుపు మబ్బు కమ్మింది. మూత తీసి, నమ్మలేక, తల లోపలికి పెట్టి గట్టిగా "అయ్యో!" అన్నాను. ఆ అయ్యోతో, లోపల కుదురుగా ఉన్న కాస్తా లేచి నా మొహాన పడింది. నా వెనకనుంచి తొంగిచూస్తున్న ట్యార్క్ గడ్డంలోనూ పడింది. గదిలో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. ట్యార్క్ నవ్వలేదు.

పోగుచేసుకుందామంటే పొడి అంతా తడి పీల్చడానికి అడుగున పోసిన గుళికల్లోనూ, గాలి చొరకుండా మూత అంచుకు రాసిన గ్రీజులోనూ కలిసిపోయింది. "ఇది నాకివ్వకండి," అంది మేడమ్. ఆ తర్వాత, తెలిసిందే.

"ఏం కేకు?"

"బాదం కేకు," అన్నాను. నోటికి అదే వచ్చింది.

"శుక్రవారానికి. ముందు ఆ కుండ కడుగు, నా మొహం కనపడాలి అందులో."

కడిగాను. అసిటోన్‌తో, సబ్బుతో, మళ్ళీ అసిటోన్‌తో. పళ్ళేలు కడిగాను, ఫ్లాస్కులు కడిగాను, బల్ల తుడిచాను. వాడి బల్ల కూడా తుడిచాను, బీకర్ల సంత అంతా ఖాళీ చేసి తళతళలాడించాను. అలా అయినా ఒక్క మాట మాట్లాడతాడేమోనని. వాడు ఒక్కటే అన్నాడు: "చేప రొట్టె ఇంకోరోజు తిందాంలే."

ఫిబ్రవరి 4, సాయంత్రం

ఇవాళంతా నావైపు గుర్రుగా చూస్తున్నాడు. తల ఎత్తినప్పుడల్లా అవే చూపులు. చూడనీ. నేనేమన్నా కావాలని చేశానా? కుళాయి బిగుసుకుపోయింది.

మేడమ్ ఇద్దరికీ ఇంకొక్క అవకాశం ఇచ్చింది. సరుకు మాత్రం స్టోర్‌లో పాత సీసా అడుగున మిగిలిందే.

ఫిబ్రవరి 5, బుధవారం

నూనె.

ఫిబ్రవరి 5, మళ్ళీ

స్ఫటికాలు కావు, నూనె. నా ఫ్లాస్క్ అడుగున చిక్కటి పసుపు నూనె, ట్యార్క్ ఫ్లాస్క్‌లోనూ అదే. పాత సీసా సరుకు చెడిపోయి ఉంటుందంది మేడమ్. ఇంక వేరే సరుకు లేదు, దీన్నే దారికి తెచ్చుకోవాలి.

గాజు కడ్డీతో గీకాను. గీకీ గీకీ పక్క వరసవాళ్ళకి పళ్ళు జివ్వుమన్నాయి. ఐసులో పెట్టాను, ఐసులో ఉప్పు వేసి పెట్టాను, కాస్త ఆల్కహాల్ పోసి వేడిచేసి మళ్ళీ చల్లార్చాను. ఎవరో పాట పాడమన్నారు, పాడాను కూడా. కిటికీ అవతల సముద్రపు గాలికి కొట్టుకుంటున్న సీగల్ పక్షులు నాకన్నా బాగా పాడతాయన్నారు.

ఒక్క గింజ ఉంటే చాలు! ఒకే ఒక్క గింజ. గది మొత్తంలో ఈ పదార్థం చేసింది మేమిద్దరమే, చేసినదంతా గాల్లో కలిసింది. మిగిలినదాన్ని చివరి రేణువు దాకా కడిగి పారేసింది ఎవరు? నేనే. ఇన్నేళ్ళ బతుకులో ఒక్కటంటే ఒక్క గిన్నె సరిగ్గా కడిగి ఎరగను, కడగక కడగక మొన్న కడిగాను.

ట్యార్క్ మళ్ళీ గుర్రుగా చూశాడు. "ఏంటి?" అన్నాను. "ఏం లేదు," అని మొహం తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అంత కోపమా?

ఫిబ్రవరి 6, గురువారం

గడ్డం! పొద్దున్న ట్రామ్‌లో నిలబడి ఉండగా తట్టింది. సోమవారం పసుపు దుమ్ము ట్యార్క్ గడ్డంలో కూడా పడింది కదా!

మనిషితో మాటల్లేవు. ఏ మొహం పెట్టుకుని అడగాలి? ఏడు ప్రిపరేషన్లనూ మనసులో ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టుకున్నాను, వచ్చే చలికాలం కడగబోయే బీకర్లను కూడా నిలబెట్టుకున్నాను. సిగ్గు విడిచి అడిగాను.

"ట్యార్క్, నీ గడ్డం కావాలి."

గది గదంతా మా వైపు తిరిగింది.

"దేనికి?" అన్నాడు వాడు.

"దులపడానికి."

అంతే, పని చేస్తున్నవాళ్ళంతా బర్నర్లు ఆర్పేసి చుట్టూ చేరారు. ఒకరు నల్ల కాగితం పరిచారు, ఒకరు దువ్వెన తెచ్చారు. ట్యార్క్ బుద్ధిగా బల్ల మీదకు వంగాడు. నేను దువ్వాను. మెత్తటి గడ్డం. ఇది శాస్త్రీయ పరిశీలన మాత్రమే. కాగితం మీద రెండు వెంట్రుకలు రాలాయి, ఒక రొట్టె ముక్క రాలింది. పసుపు రంగన్నది లేదు.

"సోమవారం తర్వాత తలంటుకున్నావా?" అన్నాను.

"రోజూ షాంపూ పెడతాను."

"గడ్డానికా?"

"మరి? మా అమ్మ పెంపకం అలాంటిది."

అందరూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది, అది కూడా నవ్వులాగే బయటికొచ్చింది. వాడు వంగినవాడు వంగినట్టే ఉండి, దగ్గర్నుంచి నా మొహంలోకి చూస్తున్నాడు. ఏదో అనబోయాడు. ఈలోగా మేడమ్ వచ్చి, "క్షౌరశాల మూయండి," అంది.

ఇంటికొచ్చి బాదం కేకు పెట్టాను. ఈ వాసనలో కూర్చుని ఏది కేకో ఏది ప్రిపరేషనో తెలియలేదు, పొయ్యిలోంచి ఎప్పుడు తీయాలో కూడా తెలియలేదు. కేకు మధ్యలో గట్టిపడలేదు. అడుగున నూనె. నేను ముట్టుకున్నది ఏదీ గట్టిపడదు.

రేపే ఆఖరు. వాడిది కూడా నా వల్లే పోతుంది. నాది పోతే పోనీ, వాడిది పోకూడదు. ఈ మాట ఎందుకు రాశానో తెలియదు, కొట్టేయను.

ఫిబ్రవరి 7, శుక్రవారం

గబగబా రాస్తున్నాను, రాత వంకరగా ఉంటే ఉండనీ.

పొద్దున్న వెళ్ళేసరికి రెండు ఫ్లాస్కులూ ఐసులో ఉన్నాయి, రెండింటిలోనూ నూనే. కేకు బల్ల మీద పెట్టాను. ట్యార్క్ కత్తితో మధ్యలో పొడిచి చూశాడు.

"ఇది కూడా స్ఫటికం కట్టలేదు," అన్నాడు.

అప్పుడు మొదలైంది నాకు. నవ్వు. ఆగదు. కూర్చున్నా ఆగలేదు, నీళ్ళు తాగినా ఆగలేదు. కళ్ళనీళ్ళొచ్చి అద్దాలు మసకబారాయి. ల్యాబ్‌లో కళ్ళకు పెట్టుకునే ఆ పెద్ద రక్షణ అద్దాలు, రోజూ పెట్టుకుని సాయంత్రం అలమారలో పడేసి వెళ్ళేవి. తుడుచుకుందామని చెయ్యి ఎత్తాను.

"వద్దు!" అని అరిచాడు ట్యార్క్.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"తుడవకు. కదలకు. ఊపిరి కూడా మెల్లగా తీసుకో." సన్నటి పట్టకారు అందుకున్నాడు. మొహంలో మొహం పెట్టి చూశాడు. ముక్కూ ముక్కూ తగిలేలా ఉన్నాయి. "అద్దం ఫ్రేములో దిగే సందులో. పైనుంచి కిందిదాకా పసుపు గీత ఉంది. సోమవారం అయ్యో అన్నావు చూడు, అప్పటిది."

"నాకేం కనపడలేదే?"

"బయటివైపు ఉంటే నీకెలా కనపడుతుంది? చూసేవాళ్ళకి కనపడుతుంది."

"నీకెప్పుడు కనపడింది?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. నాకు అప్పుడు వెలిగింది, అది కోపం కాదని.

"మంగళవారం," అన్నాడు, పట్టకారును చూస్తూ. "తుడుచుకోమందామనుకున్నా. చెబుదామని చూసినప్పుడల్లా... బాగుంది. కంటి చుట్టూ కాటుక పెట్టినట్టు పసుపు గీత. అందుకే ఊరుకున్నా. గింజకి పనికొస్తుందని ఇప్పుడు నువ్వు చెయ్యెత్తేదాకా తట్టలేదు, ఒట్టు. చూస్తున్నప్పుడు నాకు కెమిస్ట్రీ గుర్తుండదు."

"నువ్వు గుర్రుగా చూస్తున్నావనుకున్నా."

"నేను చూసేదే అలా ఉంటుంది. ఏం చెయ్యను?"

పట్టకారు కొనకు ఒక్క గింజ అంటుకుంది. ఆవగింజలో పావు కూడా ఉండదు. అది నాదో వాడిదో చెప్పే మార్గం లేదు, సోమవారం రెండూ కలిసే లేచాయి.

"నీ దాంట్లో వెయ్యి," అన్నాను.

"నీ అద్దాల మీది గింజ, నీ ఫ్లాస్క్‌లోనే."

"నీది ముందు పోగొట్టింది నేను."

"ఫ్రౌకే, గింజ జారుతోంది. ఇంకాసేపు వాదించావంటే నేల మీద పడుతుంది."

నా ఫ్లాస్క్‌లోనే వేశాడు. గింజ నూనె మీద ఆగింది. ఏమీ కాలేదు. ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూస్తున్నాం. ఇంకా ఏమీ కాలేదు. మెల్లగా కడ్డీతో కలిపాను. గింజ చుట్టూ ఒక సూది లేచింది, దాని పక్కన ఇంకోటి. అంతే, పొలోమని అంతా కట్టేసింది! నూనె అంతా పసుపు ముద్దయింది. కడ్డీ దాంట్లో నిటారుగా నిలబడింది. నేను ఏమరిచానో నాకు తెలియదు, కారిడార్ అవతలి గదివాళ్ళు అలారం మోగిందనుకుని బయటికొచ్చారు. నా ముద్దలోంచి చిటికెడు తీసి ట్యార్క్ ఫ్లాస్క్‌లో వేశాను. వాడిదీ కట్టేసింది. ఇద్దరం ఒకరి భుజాలొకరం పట్టుకుని గెంతాం. ల్యాబ్‌లో గెంతకూడదు.

మళ్ళీ శుద్ధిచేసి, వడగట్టి, ఆరబెట్టాం. ఈసారి డెసికేటర్ కుళాయి ట్యార్క్ తిప్పాడు, నన్ను గది ఆ చివర నిలబెట్టి. సన్నటి గాజు గొట్టంలో కాస్త పొడి కూరి వేడిచేస్తే నూట పది దగ్గర చెమర్చి, నూట పదకొండుకు కరిగింది. నాదీ, వాడిదీ. నాలుగింటికి ముందే మేడమ్ బల్ల మీద రెండు సీసాలు పెట్టాం.

ఆవిడ నా కేకు గట్టిపడిన అంచు ముక్క నములుతూ సీసా వెలుతురుకు పెట్టి చూసింది.

"నిన్న నూనె. ఇవాళ ఇది. బీరువాలోంచా?"

"కాదు మేడమ్. నా అద్దాల అంచు మీంచి. ట్యార్క్ చూశాడు."

"ఇవాళ చూశాడా?"

అబద్ధం ఆడొచ్చు. ఆడలేదు వాడు. "మంగళవారం నుంచీ చూస్తున్నా మేడమ్."

మేడమ్ సీసా కింద పెట్టింది. నా అద్దాల వంక చూసింది, వాడి చెవుల వంక చూసింది. రెండు సీసాల మీదా సంతకం పెట్టింది. పాసు! పాసు! పాసు! తర్వాత పెన్ను మూత పెడుతూ అంది:

"తోటి విద్యార్థి రక్షణ అద్దాల మీద రసాయనం ఉండగా చూసి, చెప్పకుండా ఊరుకోవడం. అదీ నాలుగు రోజులు. నిప్పు కన్నా ప్రమాదం. ఏం కేకు?"

ట్యార్క్ నా వైపు తిరిగాడు. "ఏం కేకు?" అన్నాడు.

"గసగసాలది," అన్నాను. "కానీ ముందు చేప రొట్టె."

రేవు దగ్గర గాలికి ఉల్లిపాయ ముక్కలన్నీ ఎగిరి గడ్డంలో పడ్డాయి. నేనే తీశాను.

రాసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. సోమవారం కుళాయి బిగుసుకుపోలేదు. నేను ట్యార్క్ వైపు చూశాను.

ల్యాబ్ నుంచి వెళ్ళేముందు అలమారలు ఖాళీ చేసి, అద్దాలు శుభ్రంగా తుడిచి ఇంటికి తీసుకెళ్ళమన్నారు. తీసుకొచ్చాను. ఇక్కడే, నా ముందు ఉన్నాయి. ఎడమవైపు సందులో ఇంకా సన్నటి పసుపు గీత ఉంది.

తుడవను.